దూరంగా ఉన్నదెవరు? ఒక రిమోట్ డిజైన్ ఇంటర్న్‌షిప్ కేస్ స్టడీ

బాల్య వివాహాలను ఆపే పనిలో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో 8 వారాలు నడిచిన గ్రాఫిక్ డిజైన్ ఇంటర్న్‌షిప్ ఇది. సంస్థ పేరు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ లేవు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాం. చివరికి పోస్టర్ గోడకెక్కింది. అయితే మొదటి 4 వారాలు ఎటు పోయాయన్నదే ఈ కేసులో పనికొచ్చే భాగం.

నేపథ్యం

సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లో. పని మాత్రం వరంగల్, మహబూబాబాద్ జిల్లాల పల్లెల్లో, తండాల్లో. ఇంటర్న్ హనుమకొండలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి, ఉండేది ఒక మండల కేంద్రం పక్క ఊళ్లో. వారానికి 15 గంటల పని, ఇంటి నుంచే. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో కాన్వా చేయి తిరిగింది, ఇంక్‌స్కేప్ అంతంత మాత్రం.

అప్పగించిన పని: ఒక గోడ పోస్టర్, ఒక కరపత్రం, కొన్ని వాట్సాప్ కార్డులు. గడువు మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు. ఈ గడువు జరిపేది కాదు. పత్రికలు పంచి, మండపానికి అడ్వాన్సు ఇచ్చాక పోస్టర్ చూసి వెనక్కి తగ్గే ఇల్లు అరుదు.

వచ్చిన సమస్య

బ్రీఫ్, అంటే ఏం కావాలో చెప్పే వివరణ, వాట్సాప్‌లో ఒక్క వాక్యం: "చైల్డ్ మ్యారేజ్ మీద పోస్టర్ కావాలి, అట్రాక్టివ్‌గా, ఫ్రైడే లోపు." మిగతాదంతా ఇంటర్న్ ఊహించుకోవాల్సి వచ్చింది. ఆమె ఊహలేవీ తెలివి తక్కువవి కావు. సంస్థ ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసి సైజు 1080×1080 పిక్సెళ్లు పెట్టింది. సంస్థ వెబ్‌సైట్ భాష చూసి "బాల్య వివాహం సాంఘిక దురాచారం, నిర్మూలిద్దాం" అని రాసింది. బొమ్మల కోసం కాన్వాలో వెతికితే లెహంగా కట్టిన పెండ్లికూతురు, ముఖం మీద సెహ్రా వేలాడుతూ గుర్రమెక్కిన పెండ్లికొడుకు దొరికారు. మన దగ్గర నొసటన బాసికం కడతారు గానీ సెహ్రా ఎక్కడిది?

ఫీడ్‌బ్యాక్ ఐదుగురున్న గ్రూపులో వాయిస్ మెసేజ్‌లుగా వచ్చేది. ఒకరు లోగో పెద్దది చేయమంటే ఇంకొకరు "కొంచెం పాప్ అవ్వాలి" అనేవారు. ఒకరు సరేనన్న నాలుగో వెర్షన్‌ను మరొకరు ఏడో వెర్షన్ దగ్గర మళ్లీ అడిగారు. మూడు వారాల్లో 11 వెర్షన్లు. ఫైళ్ల పేర్లు "ఫైనల్", "ఫైనల్ 2", "లేటెస్ట్ ఫైనల్". అమ్మాయికి పని రావట్లేదని ఆఫీసులో అనుకోవడం మొదలైంది.

ఇంటర్న్‌కు పని నేర్పే మెంటర్ చేసిన మొదటి పని ఆ వ్యాఖ్యలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించి పక్కన రకం రాయడం: రంగు, లోగో, ఫాంట్, మాట, చట్టం, చోటు. షీట్ నిండా మొదటి మూడు రకాలే. ఈ పోస్టర్ ఏ గోడ మీద ఉంటుంది, దాని ముందు ఎవరు నిలబడతారు అని ఐదుగురిలో ఒక్కరూ అడగలేదు. సంస్థ దృష్టిలో దూరంగా ఉన్నది ఇంటర్న్. నిజానికి ఆ గోడలకు 130 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది ఆఫీసు. ఇంటర్న్ ఇంటి ఎదురుగానే రేషన్ దుకాణం ఉంది.

చేసి చూసినవి, చెడినవి

బొమ్మల తప్పు దిద్దే క్రమంలో మొదటి దెబ్బ తగిలింది. సెహ్రా తీసి బాసికం పెట్టారు, మామిడి తోరణం, పసుపు కుంకుమ రంగులు వేశారు. సంస్కృతి పరంగా అంతా కరెక్టే. దాన్ని వీడియో కాల్‌లో ఒక అంగన్‌వాడీ టీచర్‌కు చూపిస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరిదమ్మా లగ్గం?" పెండ్లి వద్దని చెప్పే కాగితం పెండ్లిపత్రికలా తయారైంది. ఊళ్లో ఇప్పటికే పెండ్లి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు నిండి ఉన్నాయి. వాటి నడుమ ఇంకో తోరణాన్ని ఎవరూ ఆగి చదవరు. అప్పటి నుంచి పెండ్లికి గుర్తుగా ఏ బొమ్మా వాడకూడదని నిర్ణయం.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. ఆడపిల్లల విషయం కదా అని గులాబీ వేస్తే ఒక పార్టీ. కాషాయం ఇంకో పార్టీ. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నీలం దేనికదే ఎవరో ఒకరి జెండా. పంచాయతీ గోడ మీద అంటించాల్సిన కాగితం ఏ పార్టీదో అనిపిస్తే సాయంత్రానికి చిరిగిపోతుంది. తెల్ల కాగితం మీద నలుపు ఒక్కటే మిగిలింది. అది కూడా ఎందుకు మంచిదైందో కింద జిరాక్స్ దగ్గర తెలుస్తుంది.

ఫొటో విషయంలో పెద్ద ప్రమాదం కొద్దిలో తప్పింది. బొమ్మలు వద్దన్నారని ఇంటర్న్ సంస్థ డ్రైవ్ ఫోల్డర్‌లోంచి యూనిఫాంలో ఉన్న ఒక బాలిక ఫొటో తీసి వాడింది, కళ్ల మీద నల్ల పట్టీ వేసింది. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి సంస్థ జోక్యం చేసుకున్న కేసుల ఫొటోలు. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెరవడానికి అనుమతి ఉంది కాబట్టి వాడుకోవచ్చని అనుకుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 2(14), వివాహ వయసు రాకముందే పెండ్లి జరిగే ముప్పు ముంగిట ఉండి, అందుకు ఇంటివాళ్లే కారకులయ్యే అవకాశమున్న పిల్లలను సంరక్షణ అవసరమైన పిల్లల కింద లెక్కిస్తుంది. అలాంటి పిల్లల పేరు, బడి, చిరునామా, ఫొటో, గుర్తుపట్టే మరే వివరమైనా బయటపెట్టకూడదని సెక్షన్ 74 చెబుతుంది. శిక్ష 6 నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కళ్లకు పట్టీ వేస్తే చాలదా అంటే చాలదు. యూనిఫాం, జడ, వెనక గోడ మీద బడి పేరులో సగం చాలు, ఊళ్లో అందరూ గుర్తుపడతారు. ఏ కేసుతోనూ సంబంధం లేని పిల్ల ఫొటో అయినా, ఆ పోస్టర్ మీదికెక్కిన రోజు నుంచి ఊరు ఆమెను ఆ కథలోకి లాగుతుంది. పైగా ఫోన్‌లో తీసిన ఫొటో ఫైల్‌లో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు.

తప్పు ఇంటర్న్‌ది అని రాసుకుంటే ఇదే మళ్లీ జరుగుతుంది. దిద్దింది అనుమతులను: డిజైన్‌కు వేరే ఫోల్డర్ పెట్టారు, కేసుల ఫోల్డర్‌ను ఇంటర్న్‌కే కాదు, ఫీల్డ్ టీమ్ తప్ప అందరికీ మూసేశారు.

ఇక ప్రింటింగ్. ఐదో వారంలో నమూనాగా కొన్ని కాపీలు తీద్దామని పట్నంలో ఒక షాపుకు పీడీఎఫ్ పంపారు. మన దగ్గర చాలా ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ పాత పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, వాటిలో యూనికోడ్ కాని అను ఫాంట్లు. ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ తెలుగును ఆ పాత వెర్షన్లు సరిగ్గా పేర్చలేవు. షాపతను పీడీఎఫ్‌ను కోరల్‌లో తెరిచి మార్జిన్ సర్దాడు. అంతే, "పిల్లకు" కాస్తా "పిల్‌లకు" అయింది, "లగ్గం" "లగ్‌గం" అయింది. అతను చదవకుండా ప్రింట్ కొట్టాడు. ఇంటర్న్ చూసింది తన స్క్రీన్ మీది కాపీని, అందులో అంతా బాగానే ఉంది.

పనిచేసిన పద్ధతి

మెంటర్ డిజైన్ ఆపించి ఇంటర్న్‌కు ఒక వారం వేరే పనిచ్చారు. ఊళ్లో ఆరు చోట్లకు వెళ్లాలి: అంగన్‌వాడీ, బడి, పంచాయతీ ఆఫీసు, రేషన్ దుకాణం, కిరాణం, బస్టాప్. ప్రతిచోటా గోడకు ఒక తెల్ల ఏ4 కాగితం అంటించి, మనుషులు మామూలుగా నిలబడే చోటి నుంచి ఫొటో తీయాలి, మనుషులు ఫ్రేములోకి రాకుండా. అక్కడ ఎంతసేపు నిలబడతారో కూడా రాయాలి.

ఫొటోలు వచ్చాక చర్చ తానే తేలిపోయింది. బస్టాప్‌లో ఫ్లెక్సీల మధ్య ఏ4 కాగితం కనిపించనే లేదు. పంచాయతీ బోర్డు మీద జిరాక్స్ కాగితాలు ఒకదానిపై ఒకటి. రేషన్ దుకాణం దగ్గర మాత్రం లైను కదిలేదాకా జనం ఊరికే నిలబడతారు, గోడ పది అడుగుల లోపే. అంగన్‌వాడీ గోడ తల్లులకు ఇంకా దగ్గర. కాబట్టి ఫ్లెక్సీ వద్దు, ఏ4 చాలు, ఈ రెండు గోడలకే మొదలు. ఏ4 అయితే ఇంకో లాభం: ఏ ఊళ్లో కాపీ చిరిగినా పక్కనున్న జిరాక్స్ సెంటర్‌లో రూపాయో రెండో పెట్టి ఇంకోటి తీసుకోవచ్చు, సంస్థ నుంచి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

అక్కడి నుంచి లెక్క మొదలైంది. బోర్డులు రాసేవాళ్లు వాడే మోటు లెక్క, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. జిరాక్స్ మిషన్ అంచుల్లో కొంత వదిలేస్తుంది గనుక రెండు వైపులా 10 చొప్పున తీస్తే 190 మిగులుతుంది. అంగుళం అక్షరాలు వరుసకు ఏడు పడతాయి, సున్నాను (ం) కూడా ఒక అక్షరంగా లెక్కేస్తే. ఇప్పుడు ఏడు అక్షరాల్లో ఏం చెప్పగలం? "బాల్య వివాహ నిషేధ చట్టం" అక్కడే పోయింది. "పద్దెనిమిది" కూడా పోయి అంకె వచ్చింది.

ఇంటర్న్‌ను మెంటర్ అడిగింది ఒకటే: మీ ఇంట్లో ఈ మాట ఎలా అంటారు? మొదట ఆమె తటపటాయించింది, ఆఫీసుకు పంపే కాగితంలో ఇంటి మాట రాయొచ్చా అని. తర్వాత పంపిన నాలుగు వరుసలే పోస్టర్ అయ్యాయి:

పిల్లకు 18
పిల్లగానికి 21
నిండినంకనే
లగ్గం

ఏ వరుసా ఏడు దాటదు. ఆఫీసులో "నిండినంకనే" మీద అభ్యంతరం వచ్చింది, "నిండిన తర్వాతే" అనాలని. కానీ ఆ గోడ ముందు నిలబడేవాళ్లు అలా మాట్లాడరు. మాట నిలిచింది.

నాలుగు వరుసలు పేర్చేటప్పుడు తెలుగుకే ఉన్న ఇబ్బంది ఎదురైంది. ఇంగ్లిష్‌కు సరిపోయే 120 శాతం లైన్ ఎడంతో పెడితే పై వరుసలోని "ల్ల" వత్తు కింది వరుస అక్షరాల మీద కూర్చుంది. 150 శాతానికి పెంచితే విడిపోయాయి. నాలుగు వరుసలకు దాదాపు 15 సెంటీమీటర్లు, సగం కాగితం. అక్షరాల మధ్య ఎడం మాత్రం సున్నాయే. తెలుగులో దాన్ని పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు, గుణింతాలు అక్షరాన్ని వదిలి జరుగుతాయి. ఫాంట్లలో రామభద్ర హెడ్డింగ్‌కు బాగా కుదిరింది, చిన్న మాటకు మండలి. రెండూ ఉచితంగా వాడుకునే లైసెన్సుతో దొరుకుతాయి, రేపు సంస్థకు తలనొప్పి ఉండదు.

కింది సగంలో ఏముండాలి అన్నదాని మీదే ఎక్కువ వాదన నడిచింది. పాత వెర్షన్లలో "ఇలాంటి పెండ్లి చెల్లదు" అని ఉంది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం సెక్షన్ 3 ప్రకారం బాల్య వివాహం దానంతటది రద్దు కాదు. చిన్నతనంలో పెండ్లయినవాళ్లు కోరితే కోర్టు రద్దు చేస్తుంది, మేజర్ అయిన రెండేళ్లలోపు కోరవచ్చు. అసలుకే చెల్లని సందర్భాలు వేరే ఉన్నాయి, అవి తక్కువ. గోడ మీద "చెల్లదు" అని రాస్తే, ఇప్పటికే పెండ్లయిన పిల్ల తనకు ఏ హక్కూ లేదనుకునే ప్రమాదముంది. ఆ వాక్యం తీసేశారు. శిక్ష వాక్యంలో "2 ఏళ్ల జైలు, లక్ష జరిమానా" అన్నదానికి "వరకు" అని చేర్చారు. చేయించినవాళ్లు, ఆపకుండా ఊరుకున్న తల్లిదండ్రులు కూడా శిక్ష పరిధిలోకి వస్తారన్నది ఒక వరుస.

ఆడపిల్ల పెండ్లికి తెలంగాణ ప్రభుత్వం డబ్బిచ్చే పథకం కల్యాణలక్ష్మి సంగతి ఇంకో తర్జనభర్జన. పద్దెనిమిది నిండితేనే ఆ లక్షా 116 రూపాయలకు దరఖాస్తు చేయగలరన్న మాట అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని ఫీల్డ్ వాళ్లన్నారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ పథకానికి ఆదాయ పరిమితి వంటి షరతులున్నాయి, వాటిని ఒక్క వరుసలో పట్టించలేం. పథకం మొత్తం 2014లో 51 వేలతో మొదలై రెండుసార్లు పెరిగింది, గోడ మీది అంకె పాతబడొచ్చు. దాన్ని మనిషి చేతికిచ్చి మాట్లాడే కరపత్రంలోకి పంపారు, గోడ మీదికి రానివ్వలేదు.

క్యూఆర్ కోడ్ కూడా పోయింది. సెంటీమీటరున్నర సైజులో పెడితే రెండో జిరాక్స్‌కే స్కాన్ కాలేదు. పెద్దది చేద్దామా అంటే ఫీల్డ్ నుంచి వచ్చిన ప్రశ్న వేరు: రేషన్ లైనులో పది మంది చూస్తుండగా ఈ కాగితానికి ఫోన్ ఎవరు చూపిస్తారు? ఉచితంగా ఇరవై నాలుగ్గంటలూ పలికే పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరే పెద్దదిగా వేశారు, అది మనసులో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. "మీ పేరు చెప్పరు" అని రాద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఫోన్ ఎత్తేది సంస్థ కాదు కాబట్టి, తన చేతిలో లేని హామీ ఇవ్వకూడదని వదిలేశారు.

తర్వాత జిరాక్స్ పరీక్ష. ప్రింటు తీసి, దాన్ని జిరాక్స్ చేసి, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ చేసి, అలా నాలుగో తరం దాకా. బూడిద రంగు పట్టీ మూడోదానికే మచ్చలు పడింది. నలుపు మీద తెల్ల అక్షరాల్లో వత్తులు పూడిపోయాయి. సన్న గీతలు మాయం. నాలుగో కాపీలో నిలిచినవే ఉంచారు: ఒక పాయింటుకు తగ్గని గీత, గట్టి నలుపు, ఖాళీ తెలుపు.

ఫైల్ వ్యవహారం ఇలా కుదిరింది. మాటలన్నీ ముందు ఒక డాక్యుమెంట్‌లో ఖరారు కావాలి. అక్కడ "హెల్ప్‌లైన్" లాంటి మాటల్లో కంటికి కనపడని విడదీసే అక్షరం ఉంటుంది, ఎక్కడో కాపీ చేసేటప్పుడు అది ఊడితే "హెల్ప్లైన్" అవుతుంది. స్పెల్ చెకర్ పట్టదు, మనిషి చదవాలి. తర్వాత ఇంక్‌స్కేప్‌లో పేజీ కట్టి, ఆ ఫైల్ అలాగే దాచి, ఇంకో కాపీలో అక్షరాలను "ఆబ్జెక్ట్ టు పాత్"తో గీతలుగా మార్చాలి. షాపుకు వెళ్లేది ఆ రెండోదే. అక్కడ ఏ వెర్షన్‌లో తెరిచినా వత్తు కదలదు. ఒక జాగ్రత్త: కొన్ని తెలుగు ఫాంట్లలో అక్షరమూ గుణింతమూ ఒకదానిపై ఒకటి పడేచోట, గీతలయ్యాక తెల్ల చిల్లులు కనిపిస్తాయి. "యూనియన్" చేస్తే పూడుతాయి. షాపు నుంచి ఒక్క కాపీ ఫొటో తెప్పించుకుని, డాక్యుమెంట్‌తో పక్కపక్కన పెట్టి చదివాకే మిగతావి.

సమీక్ష కూడా మారింది. వాయిస్ మెసేజ్‌లు బంద్. సోమవారం అర పేజీ బ్రీఫ్: ఏ గోడ, ఎంత దూరం, ఎవరు చదువుతారు, చదివి ఏం చేయాలి, ఎన్ని కాపీలు. బుధవారం పెన్సిల్ గీత ఫొటో, కంప్యూటర్ ఇంకా తెరవకుండానే. అభిప్రాయం మారాల్సిన రోజు అదే, గీతను చెరిపేయడానికి ఎవరికీ మనసు నొప్పి ఉండదు. శుక్రవారం పేజీ. వ్యాఖ్యలు అంకెలేసి రాయాలి, ప్రతిదానికీ కారణం ఉండాలి. ఆమోదించేది ఒక్కరే, మిగతా నలుగురు ఆ ఒక్కరికే చెప్పుకోవాలి. డేటా సరిపోదు కాబట్టి వర్కింగ్ ఫైళ్లు రాత్రిపూట అప్‌లోడ్, పగలు 2 ఎంబీ లోపు పీడీఎఫ్ మాత్రమే. వాట్సాప్ కార్డులు ఈ పద్ధతిలో రెండు రోజుల్లో అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

తర్వాత తేలినవి

ఇంటర్న్‌షిప్ ముగిసేటప్పుడు కాన్వా డిజైన్లన్నీ ఆమె సొంత ఖాతాలో ఉన్నాయని బయటపడింది. సంస్థ ఖాతాలోకి మార్చడానికి చివరి రెండు రోజులు పోయాయి. మొదటి రోజే సంస్థ ఖాతా ఇచ్చి ఉంటే ఆ రోజులు కరపత్రానికి దక్కేవి. పోర్ట్‌ఫోలియో విషయం కూడా ముందే కాగితం మీద ఉండాల్సింది. చివరికి తేల్చుకున్నది: అచ్చయిన పోస్టర్, పెన్సిల్ గీతలు, గోడల ఫొటోలు ఆమె చూపించుకోవచ్చు. ఫీల్డ్ నుంచి వచ్చిన ఫొటోలు, మాటలు వద్దు.

ఇంటర్న్‌ను ఎంచుకునేటప్పుడు సంస్థ చూసింది కాన్వా పనితనాన్ని. ఈ పనికి అంతకన్నా అక్కరకొచ్చినవి రేషన్ దుకాణం ఎదురిల్లు, "నిండినంకనే" అన్న మాట. దరఖాస్తు ఫారంలో ఆ రెంటినీ రాయడానికి గడి లేదు. తర్వాతి బ్యాచ్ ఫారంలో "మీ ఊళ్లో జనం ఆగి నిలబడే మూడు చోట్లు రాయండి" అన్న ప్రశ్న చేర్చారు.

పోస్టర్ అడుగున ఒక ఖాళీ గడి ఉంది, అంగన్‌వాడీ టీచర్ నంబరు చేత్తో రాసుకోవడానికి. 1098కి చేయడానికి జంకేవాళ్లు తెలిసిన మనిషికైనా చేస్తారని దాని ఉద్దేశం. పంచాక చూస్తే చాలా గోడల మీద ఆ గడి ఖాళీగానే ఉంది. కొన్నిచోట్ల నీలం పెన్నుతో రాశారు, తర్వాతి జిరాక్స్‌లో అంకెలు వెలిసిపోయాయి. రెండో విడతలో పద్ధతి మార్చారు: టీచర్‌ను అడిగి, ఆమె సరేనంటేనే నంబరును నల్ల స్కెచ్ పెన్నుతో ముందే రాసి, ఆ కాగితాన్నే జిరాక్స్ తీసి ఇస్తున్నారు. వద్దన్నచోట గడి లేని కాపీ వెళ్తోంది.